చింతపల్లికి ఏ ఘాట్ ఎక్కాలి: నర్సీపట్నం దారా, పాడేరు దారా?

విశాఖ నుంచి లంబసింగి, చింతపల్లి వెళ్లడానికి రెండు దారులున్నాయి. ఒకటి, అనకాపల్లి దాటాక తాళ్లపాలెం దగ్గర హైవే వదిలి నర్సీపట్నం మీదుగా. రెండోది, చోడవరం, వి.మాడుగుల మీదుగా పాడేరు ఎక్కి, అక్కణ్నుంచి జి.మాడుగుల వైపు. చాలామంది ఫోన్‌లో మ్యాప్ ఎటు చూపిస్తే అటు పోతారు. మొదటిసారి వెళ్లేవాళ్లకు నేను మాత్రం నర్సీపట్నం దారే చెబుతాను.

దూరం తక్కువ కావడం ఒక కారణం. నర్సీపట్నం నుంచి లంబసింగి దాదాపు 30 కిలోమీటర్లు, చింతపల్లి ఇంకో 20. డౌనూరు దాటే దాకా పెద్ద ఎత్తులేవీ ఉండవు. మలుపులకు కడుపులో తిప్పే పిల్లలుంటే ఇదే సుఖం.

అసలు కారణం వేరే ఉంది. ఈ రోడ్డు ఎవరి చెమటతో పడిందో తెలుసుకుని ఎక్కాలి. నూరేళ్ల కిందట గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ మన్యం జనాన్ని బెదిరించి, అరకొర కూలి చేతిలో పెట్టి ఈ కొండదారి పనులు చేయించాడు. అడవి చట్టాలతో పోడు పోయింది, పైన ఈ వెట్టి. ఆ కడుపుమంటే మన్యం తిరుగుబాటుకు ఆజ్యం పోసింది. బాస్టియన్ వేధింపులు పడ్డ గాం గంటందొర, మల్లుదొర సోదరులు అల్లూరి సీతారామరాజు వెంట నడిచారు. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్, మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు స్టేషన్ల తుపాకులు మన్యం వీరుల చేతికొచ్చాయి. సెప్టెంబరు 24న దామనపల్లి దగ్గర పొంచి ఉండి కొట్టిన దెబ్బకు స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల అధికారులు చనిపోయారు. వాళ్ల సమాధులు నర్సీపట్నంలో ఉన్నాయి. అల్లూరి సమాధి ఉన్న కృష్ణదేవిపేట కూడా ఇటు నుంచే దగ్గర. కాస్త చుట్టయినా వెళ్లి చూడండి. పిల్లలకు పుస్తకంలో చదివిన పేర్లు కళ్లెదుట ఊళ్లుగా కనిపిస్తాయి.

పాడేరు దారిని తక్కువ చేయను. వంజంగి కొండ మీద మబ్బుల్లోంచి పొద్దు పొడవడం చూడాలంటే అదే దారి. మోదకొండమ్మ గుడి పాడేరులోనే. 2022 ఏప్రిల్‌లో అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడి పాడేరు కేంద్రం అయ్యాక, ఒకప్పుడు విశాఖ దాకా దిగాల్సిన చింతపల్లి వాళ్లు కలెక్టరేట్ పనికి అటే పోతున్నారు. కానీ ఆ ఘాట్‌లో మలుపులెక్కువ, పక్కనే లోయ. 2023 ఆగస్టులో అక్కడ బస్సు లోయలో పడి ప్రాణాలు పోయాయి. కొండదారులకు అలవాటుపడని డ్రైవర్‌ని రాత్రిపూట అటు పంపాలంటే నాకు టెన్షనే.

డిసెంబరు, జనవరిలో లంబసింగి మంచు చూడాలని అందరూ అర్ధరాత్రి బయల్దేరతారు. అలా వద్దు. పొగమంచులో పది అడుగుల అవతల ఏముందో కనబడదు. ముందురోజు సాయంత్రమే పైకి చేరి పడుకోండి.

రెండు రోజులు తీరికుంటే నర్సీపట్నం మీదుగా ఎక్కి, పాడేరు మీదుగా దిగండి. రాజమహేంద్రవరం నుంచి కొయ్యూరు, చింతపల్లి, పాడేరు, అరకు కలుపుతూ విజయనగరం వెళ్లే 516ఈ జాతీయ రహదారి ఈ రెండు దారులనూ పైన కలుపుతుంది. పాడేరులో మధ్యాహ్నం మూడింటికల్లా బయల్దేరితే వెలుగుండగానే వి.మాడుగుల చేరి, హల్వా కొనుక్కుని ఇంటి దారి పట్టొచ్చు.