7.6 అంటే నాలుగుకి ఎంత? సీజీపీఏని ఏ దారిలో మార్చితే మేలు

విదేశీ యూనివర్సిటీల ఫాల్ అప్లికేషన్లు తెరుచుకోగానే వాట్సాప్ గ్రూపుల్లో మొదలయ్యే ప్రశ్న ఇది: పదికి లెక్కేసిన మన సీజీపీఏ అమెరికా నాలుగు స్కేలులో ఎంత? జవాబులు మాత్రం ఒకదానికొకటి పొంతన ఉండవు. 2.5తో భాగించమని ఒకరు అంటారు. 9.5తో గుణించి పర్సెంటేజీ చేసి, దాన్ని మళ్లీ నాలుగులోకి దించమని ఇంకొకరు. "ముందు డబ్ల్యూఈఎస్ చేయించెయ్, తర్వాత చూద్దాం" అని కన్సల్టెన్సీ వాళ్లు (అది విదేశీ డిగ్రీలకు గ్రేడు రిపోర్టు ఇచ్చే సంస్థ). ఒకే స్టూడెంట్‌ని తీసుకుని అన్ని దారుల్లోనూ లెక్క వేసి చూస్తే ఎవరి మాటకు ఎంత విలువో తెలుస్తుంది. జేఎన్‌టీయూ హైదరాబాద్, బీటెక్, ఆర్18 రెగ్యులేషన్ (2018లో చేరినవాళ్ల నుంచి అమలైన నిబంధనలు), చివరి సీజీపీఏ 7.6 అనుకుందాం.

పర్సెంటేజీ దగ్గరే తేడాలు మొదలవుతాయి. జేఎన్‌టీయూహెచ్ ఆర్18 ప్రకారం సీజీపీఏలోంచి 0.5 తీసేసి పదితో గుణించాలి. అంటే 71 శాతం. అఖిల భారత సాంకేతిక విద్యా మండలి ఏఐసీటీఈ పట్టికలో తీసేసేది 0.75, కాబట్టి అక్కడ 68.5. నేరుగా పదితో గుణిస్తే 76. ఇక 9.5తో గుణిస్తే 72.2. ఈ 9.5 ఒకప్పుడు సీబీఎస్ఈ పదో తరగతి కోసం పెట్టిన లెక్క. బీటెక్‌కి దానితో ఏ సంబంధమూ లేదు. అయినా మనవాళ్ల రెజ్యూమేల్లో ఇప్పటికీ కనిపిస్తూనే ఉంటుంది.

ఈ నాలుగింటిలో పనికొచ్చేది మీ యూనివర్సిటీ తన రెగ్యులేషన్లలో రాసుకున్నది ఒక్కటే. మీ సీఎంఎం (మార్కులన్నీ ఒకేచోట ఉండే మెమో) వెనకో, ట్రాన్స్‌క్రిప్ట్ మీదో ఆ ఫార్ములా ఉందేమో ముందు చూసుకోండి. లేకపోతే ఎగ్జామినేషన్ బ్రాంచ్‌లో అడిగి కన్వర్షన్ లెటర్ తీసుకోండి. ఆ కాగితం ఎంత పని చేస్తుందో జర్మనీ దగ్గర చూద్దాం.

ముందు అమెరికా. 7.6ని 2.5తో భాగిస్తే 3.04 వస్తుంది. అక్కడ చాలా మాస్టర్స్ ప్రోగ్రాములకు కనీస జీపీఏ 3.0, కాబట్టి గట్టెక్కినట్టే అనిపిస్తుంది. అదే 7.4 ఉన్నవాడు ఈ లెక్కలో 2.96కి పడిపోయి, అప్లై చేయకుండానే ఆశ వదిలేసుకుంటాడు. అసలు ఈ భాగాహారమే తప్పు. అమెరికాలో ఎ గ్రేడ్ సాధారణంగా 90 మార్కుల దగ్గర మొదలవుతుంది. ఆర్18లో 70 నుంచి 80లోపు మార్కులకు ఎ గ్రేడ్, 8 పాయింట్లు. 60 నుంచి 70లోపు అయితే బి ప్లస్, 7 పాయింట్లు. మన దగ్గర అరవై దాటితే ఫస్ట్ క్లాస్, డెబ్బై దాటితే ఇంట్లో స్వీట్లు పంచుతారు. మార్కులు ఇంత పిసినారిగా వేసే పద్ధతినీ అంత ధారాళంగా వేసే పద్ధతినీ ఒకే స్కేలు మీద సాగదీస్తే, నష్టపోయేది మనవాళ్లే.

అందుకే ఉన్నదున్నట్టు పెట్టడమే నా ఓటు. ఫారంలో జీపీఏ గడి పక్కన స్కేలు గడి ఉంటే 7.6, 10 అని రాసి ముందుకెళ్లిపోండి. మీరు మార్చవద్దు, మార్కుల మెమోలో ఎలా ఉందో అలాగే రాయండి అని చాలా అమెరికా యూనివర్సిటీలు తమ సూచనల్లోనే చెబుతాయి. 2023-24లో అక్కడ 3,31,602 మంది భారతీయ విద్యార్థులున్నారు, చైనాను దాటి మొదటి స్థానం మనదే. అంతమంది ఫైళ్లు చూసే ఆఫీసులకు జేఎన్‌టీయూ 7.6 అంటే ఏమిటో మనం విడమర్చి చెప్పక్కర్లేదు. చెప్పదలచుకుంటే దానికి వేరే చోటుంది: రికమండేషన్ లెటర్. "మా బ్రాంచ్‌లో మొదటి పది మందిలో ఉన్నాడు" అని ప్రొఫెసర్ రాసిన ఒక్క వాక్యం, అది నిజమైతే, ఏ కాలిక్యులేటర్‌కన్నా బాగా పని చేస్తుంది.

నాలుగు స్కేలు తప్ప మరొకటి ఒప్పుకోని ఫారాలు కూడా ఉంటాయి. అప్పుడు అడ్మిషన్ ఆఫీసుకి ఒక మెయిల్ పెట్టి, వాళ్లు చెప్పినట్టు చేయండి. ఆ మెయిల్‌ని దాచుకోండి. సొంతంగా మార్చిన అంకె వేసి, తర్వాత వచ్చే ట్రాన్స్‌క్రిప్ట్‌తో అది కలవకపోతే టెన్షన్ మనకే.

ఇక డబ్ల్యూఈఎస్. 1974లో న్యూయార్క్‌లో మొదలైన సంస్థ. విదేశీ డిగ్రీలను అమెరికా, కెనడా లెక్కల్లోకి మార్చి రిపోర్టు ఇస్తుంది. కోర్సులవారీ రిపోర్టు తీసుకుంటే ప్రతి సబ్జెక్టుకూ అమెరికా గ్రేడు, మొత్తానికి జీపీఏ ఉంటాయి. వాళ్లు మన మార్కులను మన కొలతలోనే చూస్తారు కాబట్టి, 2.5తో భాగించినదానికన్నా ఎక్కువే వస్తుంది చాలామందికి. ఇక్కడే కన్సల్టెన్సీల మాట తీపిగా వినిపిస్తుంది: "3.04 ఎందుకు, డబ్ల్యూఈఎస్‌తో ఇంకా పెరుగుతుంది." పెరగొచ్చు. అయితే ఎవాల్యుయేషన్ అడగని యూనివర్సిటీకి ఆ రిపోర్టు పంపితే దాన్ని చూస్తారన్న హామీ ఏమీ లేదు. ఫీజు డాలర్లలో, కొరియర్ ఖర్చు వేరే.

డబ్బుకన్నా విసిగించేది కాగితాల పని. అఫిలియేటెడ్ కాలేజీలో చదివినవాళ్లకు ట్రాన్స్‌క్రిప్ట్ యూనివర్సిటీ నుంచే రావాలి, కాలేజీ ప్రిన్సిపాల్ సీలు సరిపోదు. కాగితాల మీద పంపితే సీల్ చేసిన కవరు, అంటించిన చోట ముద్ర ఉండాలి. మీ యూనివర్సిటీకి డిజిటల్ పద్ధతి ఉంటే అదే ఎంచుకోండి, వారాలు కలిసొస్తాయి. కాబట్టి మీ లిస్టులో కనీసం ఒక యూనివర్సిటీ "ఎవాల్యుయేషన్ తప్పనిసరి" అని రాస్తేనే డబ్ల్యూఈఎస్ జోలికి వెళ్లండి. అప్పుడు కూడా వాళ్లు ఏ సంస్థ పేరు చెప్పారో చూడండి. కొందరు డబ్ల్యూఈఎస్ అంటారు, కొందరు అలాంటిదే మరో సంస్థ ఈసీఈ అంటారు, కొందరికి నేసెస్ (ఇలాంటి సంస్థల సంఘం) సభ్య సంస్థ ఏదైనా ఫర్వాలేదు. కెనడా పీఆర్ కోసం అన్నయ్య తీసుకున్న ఈసీఏ లాంటిదే చాలనుకోవద్దు. వలసకు మామూలుగా ఇచ్చే ఆ రిపోర్టు డిగ్రీ దేనికి సమానమో చెబుతుంది, సబ్జెక్టులవారీ గ్రేడులు అందులో ఉండవు.

జర్మనీ దగ్గర నా సలహా తిరగబడుతుంది. అక్కడ లెక్క నేర్చుకోక తప్పదు. 1.0 అన్నిటికన్నా మంచి గ్రేడు, 4.0 అంటే అంచు మీద పాస్. మార్చేందుకు వాడేది మాడిఫైడ్ బవేరియన్ ఫార్ములా: గరిష్ఠ మార్కులోంచి మీ మార్కు తీసేయండి, దాన్ని గరిష్ఠానికీ పాస్ మార్కుకీ ఉన్న తేడాతో భాగించండి, మూడుతో గుణించి ఒకటి కలపండి. ఈ ఫార్ములాకి ప్రాణం పాస్ మార్కులో ఉంది. ఆర్18లో పాసయ్యే చివరి గ్రేడు సి, దానికి 5 పాయింట్లు. కాబట్టి 7.6కి 2.44 వస్తుంది. పాస్ గ్రేడు 4 అనుకుని లెక్కేసినవాడికి 2.2 వచ్చి సంబరపడతాడు. పర్సెంటేజీ దారిలో వెళ్దాం: 71 శాతం, పాస్ 40. వచ్చేది 2.45, అంటే దాదాపు అదే. పొరపాటున ఏఐసీటీఈ 68.5 వాడితే 2.58 దగ్గర తేలుతుంది.

ఈ దశాంశాల గోల ఎందుకంటే, జర్మనీలో చాలా మాస్టర్స్ కోర్సులకు కటాఫ్ 2.5. ఒకే స్టూడెంట్, ఒకే సీఎంఎం. ఒక లెక్కలో లోపల, ఇంకో లెక్కలో బయట. ఇందాకటి కన్వర్షన్ లెటర్, గ్రేడింగ్ పట్టిక ట్రాన్స్‌క్రిప్ట్‌తో కలిపి అప్‌లోడ్ చేయమనేది ఇందుకే. పాస్ మార్కు ఎంతో అవతలివాళ్లు ఊహించుకునే అవసరం రాకూడదు.

ఈ లెక్క మీరు వేసుకునేది ఏ కోర్సుకు అప్లై చేయాలో తేల్చుకోవడానికే. అసలు మార్పిడి యూనివర్సిటీయో, యూనివర్సిటీల తరఫున అప్లికేషన్లు పరిశీలించే యూని-అసిస్టో చేస్తుంది. మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ లాంటివి వీపీడీ అడుగుతాయి. యూని-అసిస్ట్ ఇచ్చే ఆ కాగితం మీద జర్మన్ గ్రేడు ఉంటుంది. ఫీజు మొదటిదానికి 75 యూరోలు, అదే సెమిస్టర్‌లో తర్వాతి ఒక్కోదానికీ 30. డబ్ల్యూఈఎస్ రిపోర్టు ఇక్కడ అక్కరకు రాదు. ఏపీఎస్ సర్టిఫికెట్ సంగతి వేరు. 2022 నవంబరు నుంచి మన విద్యార్థుల్లో చాలామందికి వీసా కావాలంటే అది ఉండాల్సిందే. 18,000 రూపాయలు కట్టించుకుని మీ సర్టిఫికెట్లు అసలువేనని తేలుస్తుంది తప్ప గ్రేడు మార్చదు.

బ్రిటన్‌కి తలనొప్పి తక్కువ. అక్కడ ఫస్ట్ అంటే 70, టూ-వన్ (సెకండ్ క్లాస్‌లో పై మెట్టు) అంటే 60 నుంచి 69. మన 71 చూసి "నాది బ్రిటిష్ ఫస్ట్ క్లాస్" అనుకోకూడదు, 58 వచ్చిందని కుంగిపోనూ అక్కర్లేదు. చాలా యూనివర్సిటీలు భారత్‌కి ప్రత్యేకంగా పేజీ పెట్టి, ఏ యూనివర్సిటీ నుంచి ఎంత శాతమైతే తమ టూ-వన్‌కి సమానమో రాస్తాయి. ఆ పేజీ చదివితే పని అయిపోయినట్టే.

మూడేళ్ల బీఎస్సీ, బీకాం వాళ్ల లెక్క మాత్రం వేరు. ఇంగ్లండ్‌లో వాళ్ల డిగ్రీయే మూడేళ్లు కాబట్టి ఇబ్బంది లేదు. అమెరికాలో చాలాచోట్ల నాలుగేళ్లు అడుగుతారు. నాక్ (కాలేజీలకు నాణ్యత గ్రేడులిచ్చే సంస్థ) ఎ గ్రేడు లేదా అంతకన్నా మంచి గ్రేడున్న సంస్థలో ఫస్ట్ లేదా సెకండ్ డివిజన్‌లో పాసైతే మూడేళ్ల డిగ్రీని కూడా అమెరికా బ్యాచిలర్స్‌కి సమానంగా డబ్ల్యూఈఎస్ గుర్తిస్తుంది. వీళ్ల విషయంలో డబ్ల్యూఈఎస్‌కి పెట్టే డబ్బుకు అర్థం ఉంది. కాకపోతే ఆ గుర్తింపును మీరు అనుకున్న యూనివర్సిటీ ఒప్పుకుంటుందో లేదో ముందే మెయిల్ చేసి కనుక్కోండి, ఫీజు ఆ తర్వాతే కట్టండి.