బొడ్డవర దాటాక మెయిల్ సంగతేంటి? హాట్‌స్పాట్, జీమెయిల్ ఆఫ్‌లైన్, థండర్‌బర్డ్‌లలో ఏది మేలు

విశాఖలో అరకు మీదుగా వెళ్లే కిరండూల్ పాసింజర్ ఎక్కితే శృంగవరపుకోట దాకా ఫోన్ సిగ్నల్‌తో పెద్దగా ఇబ్బంది ఉండదు. బొడ్డవర దాటి ఘాట్ మొదలయ్యాక మాత్రం సొరంగం మీద సొరంగం. ఒకదాంట్లోంచి బయటపడి ఫోన్ టవర్‌ను పట్టుకునేలోపే ఇంకోటి వస్తుంది. సికింద్రాబాద్ వందేభారత్‌లో అంత కష్టం ఉండదు, సిగ్నల్ తెగినా కాసేపటికి మళ్లీ అందుకుంటుంది. అందుకే దారిలో ల్యాప్‌టాప్‌లో మెయిల్ చూసుకోడానికి ఈ మూడింట్లో ఏది మేలన్నది రెండింటిని బట్టి ఉంటుంది: ఎటు వెళ్తున్నారు, దారిలో ఎంత పాత మెయిల్ తవ్వాల్సి వస్తుంది.

హాట్‌స్పాట్ ఒక్కటే చాలనుకునేవాళ్లకు చెప్పేది కొంచెమే. మైదానం దారికి అది సరిపోతుంది. వైఫై కన్నా యూఎస్‌బీ కేబుల్‌తో కలిపితే ఫోన్ బ్యాటరీ నిలుస్తుంది. విండోస్‌లో ఆ కనెక్షన్‌ను ‘మీటర్డ్’గా, అంటే డేటా పొదుపుగా వాడేలా పెట్టండి, లేదంటే మీరు మెయిల్ చూసుకుంటుండగా వెనక అప్‌డేట్లు డేటా మొత్తం తాగేస్తాయి.

రెండు మూడు రోజుల ప్రయాణం, ఒకటే అకౌంటు, ఈమధ్య వచ్చిన మెయిళ్లే పని అనుకుంటే జీమెయిల్ ఆఫ్‌లైన్ తేలిక. క్రోమ్‌లో జీమెయిల్ తెరిచి, సెట్టింగ్స్‌లో ‘సీ ఆల్ సెట్టింగ్స్’, అందులో ‘ఆఫ్‌లైన్’ ట్యాబ్, అక్కడ ‘ఎనేబుల్ ఆఫ్‌లైన్ మెయిల్’. 7, 30, 90 రోజుల్లో 90 ఎంచుకోండి, అటాచ్‌మెంట్ల డౌన్‌లోడ్‌కూ టిక్ పెట్టండి. ఆ పేజీని బుక్‌మార్క్ చేసుకుంటే నెట్ లేనప్పుడు నేరుగా తెరవొచ్చు. ఇన్‌కాగ్నిటోలో ఇది పనిచేయదు. క్రోమ్ కుకీలు శుభ్రం చేస్తే దాచుకున్న మెయిళ్లూ వాటితోపాటే పోతాయి. అసలు చిక్కు ఆ 90 రోజుల గీతే. ఆరు నెలల కిందటి కొటేషన్ కావాలని అవతలివాళ్లు అడిగితే కొండ మీద అది దొరకదు.

అక్కడే ల్యాప్‌టాప్‌లో వేసుకునే ఉచిత మెయిల్ ప్రోగ్రాం థండర్‌బర్డ్ నెగ్గుతుంది. మెయిల్‌ను సర్వర్‌లో ఉంచుతూనే నకలు దింపే ఐమ్యాప్ పద్ధతిలో అక్కడ ఉన్నదంతా ల్యాప్‌టాప్‌లోకి దింపుకుంటుంది. రెండు మూడు అకౌంట్లున్నా ఒకేచోట కనిపిస్తాయి, వెతుకులాట డిస్క్ మీదే కాబట్టి నెట్‌తో పనిలేదు. మెయిల్‌ను ఒక్క పరికరంలోకే దించే పాత పద్ధతి పాప్ జోలికి పోవద్దు, ల్యాప్‌టాప్‌లో చదివినవీ పంపినవీ ఫోన్‌లో అదే వరుసలో కనిపించవు.

అయితే దీన్ని బయలుదేరే ముందురోజే సిద్ధం చేసుకోవాలి. అకౌంట్ సెట్టింగ్స్‌లో ‘సింక్రనైజేషన్ అండ్ స్టోరేజ్’కి వెళ్లి, మెసేజ్‌లను ఈ కంప్యూటర్‌లో ఉంచమనే చోట టిక్ ఉందో లేదో చూడండి. దాని పక్కన ‘అడ్వాన్స్‌డ్’లో ఏయే ఫోల్డర్లు దిగాలో ఎంచుకోవచ్చు. జీమెయిల్‌తో వచ్చే తిరకాసు ఇక్కడే: ఒకే మెయిల్ ఇన్‌బాక్స్‌లోనూ, ‘ఆల్ మెయిల్’లోనూ, లేబుల్ ఉంటే ఆ ఫోల్డర్‌లోనూ కనిపిస్తుంది, అన్నిచోట్లా విడివిడిగా దిగి జాగా తినేస్తుంది. చదివింది చదివినట్టు ఆర్కైవ్ చేసే అలవాటుంటే ‘ఆల్ మెయిల్’ ఉంచి లేబుళ్లు తీసేయండి. అలవాటు లేకపోతే ‘ఆల్ మెయిల్’నే తీసేయండి. ఫలానా సైజు దాటినవి దింపొద్దనే గడి కూడా ఆ పేజీలోనే ఉంటుంది, దానికి టిక్ ఉంటే పెద్ద అటాచ్‌మెంట్లు రావు. తర్వాత ఫైల్ మెనూలో ‘ఆఫ్‌లైన్’, ‘డౌన్‌లోడ్/సింక్ నౌ’. ఐమ్యాప్‌లో గూగుల్ రోజుకు 2,500 ఎంబీ వరకే దింపనిస్తుంది, కాబట్టి పదేళ్ల మెయిల్ ఒక్క రాత్రిలో దిగదు.

చివరగా వైఫై ఆపేసి, బాగా పాతది, అటాచ్‌మెంట్ ఉన్నది ఒకటి తెరిచి చూడండి. అది తెరుచుకుంటేనే సింక్ అయినట్టు.

ఈ పని స్టేషన్ వైఫై మీద పెట్టుకోవద్దు. రైల్వే టెలికాం సంస్థ రైల్‌టెల్ ఉచితంగా ఇచ్చేది 30 నిమిషాలు, 1 ఎంబీపీఎస్. లెక్క కడితే అంతా కలిపి 225 ఎంబీ, అదీ వేగం పూర్తిగా అందితే. పైగా ఓటీపీ రావాలంటే ఫోన్‌కు సిగ్నల్ ఉండాలి. ముందు బ్రౌజర్‌లో లాగిన్ అయ్యాకే థండర్‌బర్డ్ తెరవండి. లేకపోతే లాగిన్ పేజీ అడ్డుపడి, కలిసింది అసలు మెయిల్ సర్వరో కాదో తెలియడం లేదనే సర్టిఫికెట్ హెచ్చరిక వచ్చే అవకాశముంది. అప్పుడు ‘ఎక్సెప్షన్’, అంటే ఈసారికి నమ్మేయమనే మినహాయింపు, ఒప్పుకోకుండా రద్దు చేయండి.

దారిలో రాసిన జవాబులు ఎందులోనైనా అవుట్‌బాక్స్‌లో కూర్చుంటాయి. థండర్‌బర్డ్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎంటర్ కలిపి నొక్కితే ‘సెండ్ లేటర్’. నెట్ రాగానే వాటంతటవే వెళ్లాలా, మిమ్మల్ని అడగాలా అన్నది సెట్టింగ్స్‌లో ముందే నిర్ణయించుకోవచ్చు. అడగమనడమే మంచిది, కొండ మీద కోపంగా రాసింది అరకులో దిగాక ఇంకోసారి చదువుకోవచ్చు. జీమెయిల్‌లో అయితే నెట్ వచ్చాక ఆ ట్యాబ్ తెరిచి అవుట్‌బాక్స్ ఖాళీ అయిందో లేదో చూడాలి. హోటల్‌కు చేరి ల్యాప్‌టాప్ మూసి పడుకుంటే మెయిల్ అందులోనే ఉండిపోతుంది, పంపేశామనుకుని మీరు నిశ్చింతగా ఉంటారు.

అటాచ్‌మెంట్ల బరువూ గమనించండి. జీమెయిల్ హద్దు 25 ఎంబీ, కానీ పంపేటప్పుడు ఫైల్ ఎన్‌కోడ్ అయి, అంటే మెయిల్‌కు తగ్గ రూపంలోకి మారి, మూడోవంతు ఉబ్బుతుంది. పెద్ద స్కాన్ పంపితే అవతలి సర్వర్ వెనక్కి కొట్టొచ్చు. హద్దుకు దగ్గరపడితే డ్రైవ్ లింకే నయం.

రెండు పద్ధతుల్లోనూ మెయిళ్లన్నీ డిస్క్ మీద ఉంటాయి. థండర్‌బర్డ్‌లో ‘ప్రైమరీ పాస్‌వర్డ్’ కాపాడేది పాస్‌వర్డ్‌లనే, మెయిళ్లను కాదు. బ్యాగు రైల్లో పోతే పరువు దక్కాలంటే డిస్క్ మొత్తాన్ని తాళం వేసే విండోస్ సదుపాయం బిట్‌లాకర్ ఆన్‌లో ఉండాలి, దాని రికవరీ కీ మాత్రం ఆ బ్యాగులో ఉండకూడదు.