హాలోవీన్ గిఫ్ట్ సెట్లు: అట్టపెట్టెకి ఎంత, లోపలి సరుక్కి ఎంత?

అక్టోబర్ 31 నాటి హాలోవీన్ పండగ ఇంకా ఎంతో దూరంలో ఉండగానే అమెరికా మాల్స్‌లో గుమ్మడికాయ బొమ్మల షవర్ జెల్లు, గబ్బిలం మూతల క్రీములు, శవపేటిక ఆకారం పెట్టెలు అరల్లోకి వచ్చేస్తాయి. బాగున్నవి ముందే అయిపోతాయన్న మాటా నిజమే. అయితే ఈ సెట్లలో చాలావాటికి ధర పెంచేది పెట్టె, రిబ్బను, 'లిమిటెడ్ ఎడిషన్' అన్న ముద్ర. లోపలి క్రీము చాలాసార్లు ఏడాదంతా అదే షాపులో అమ్మే క్రీమే. మారేది వాసన, రంగు, లేబుల్. అందుకే ఇక్కడ పెట్టె అందం సంగతి వదిలేసి, లోపలి సరుకు ఎలా చూసుకోవాలో చెప్తాం.

ముందు కొలత చూడాలి. బాత్ అండ్ బాడీ వర్క్స్‌లో పూర్తి సైజు షవర్ జెల్ 10 ద్రవ ఔన్సులు (295 మి.లీ.), ఒంటికి చల్లుకునే మిస్ట్ 8 ద్రవ ఔన్సులు (236 మి.లీ.), బాడీ క్రీమ్ 8 ఔన్సులు (226 గ్రా.). ఏ షాపులోనైనా ఈ అంకెల్ని కొలబద్దగా పెట్టుకోవచ్చు. గిఫ్ట్ సెట్లలో ఎక్కువగా ఉండేది 3 ఔన్సుల లోపు ట్రావెల్ సైజు. ఉదాహరణకి, 3 ఔన్సుల సీసాలు మూడున్న సెట్ 20 డాలర్లు అనుకుందాం. ఔన్సుకి 2.22 డాలర్లు పడుతుంది. 10 ఔన్సుల జెల్, 8 ఔన్సుల క్రీమ్ ఉన్న సెట్ 32 డాలర్లయితే ఔన్సుకి 1.78. చూడ్డానికి చవకగా ఉన్నదే ఖరీదైనదని తేలింది. 'ఐదు వస్తువుల సెట్' అని రాసి ఉంటే ఆ ఐదులో స్నానపు పీచు, జుట్టు బ్యాండు ఎన్ని ఆక్రమించాయో కూడా చూడండి. ఒంటికి రాసుకునేవి రెండే మిగలొచ్చు.

మీరిచ్చే మనిషి విమానాల్లో ఎక్కువ తిరిగేవారైతే చిన్న సీసాలు మంచి ఎంపికే. చేతి బ్యాగులో ద్రవాల సీసా 3.4 ఔన్సులు (100 మి.లీ.) దాటకూడదు. ఇంట్లో వాడేవారికి మాత్రం వాటితో రెండు వారాలు గడవడం కూడా కష్టం.

ఇక వాసన. ఈ సీజన్‌లో వెనిల్లా, గుమ్మడికాయ, దాల్చినచెక్క, కాల్చిన మార్ష్‌మెల్లో ఎక్కువ. వెనిల్లా వాసనకి మూలం వెనిలిన్. దానికి ఒక గుణం ఉంది, కాలం గడిచేకొద్దీ సబ్బునీ లోషన్‌నీ గోధుమ రంగులోకి తిప్పుతుంది. తెల్లగా కొన్న క్రీము శీతాకాలానికి టీ రంగుకి వస్తే చెడిపోయిందని పారేయక్కర్లేదు. నూనె కంపు కొట్టినా, నీరు విడిపోయినా, బూజు కనిపించినా అప్పుడు పారేయాలి. దాల్చినచెక్క సంగతి వేరు. అందులోని సినమాల్ చర్మానికి అలర్జీ తెప్పించే వాసనద్రవ్యాల్లో పేరుమోసినది. చర్మం త్వరగా ఎర్రబడేవారికి బహుమతి ఇస్తుంటే 'స్పైస్' అన్న మాట ఉన్న సెట్ వదిలేయడం మేలు.

లేబుల్ చదవడానికి ఒక కిటుకు చెప్తాం. అమెరికాలో సౌందర్య సాధనాల పదార్థాలు ఎక్కువ నుంచి తక్కువకి వరసగా రాయాలి, 1 శాతం లోపున్నవి మాత్రం ఏ వరసలోనైనా రాయొచ్చు. ఫినాక్సీఇథనాల్ అనే ప్రిజర్వేటివ్‌ని సాధారణంగా 1 శాతానికి మించి వాడరు. ముందు అట్ట మీద 'షియా బటర్' అని పెద్ద అక్షరాలు, వెనక జాబితాలో మాత్రం షియా పేరు ఫినాక్సీఇథనాల్ తర్వాత! అంటే ఉన్నది చిటికెడే. నీరు, గ్లిజరిన్ వెంటనే షియా కనిపిస్తే ఆ క్రీముకి డబ్బు పెట్టొచ్చు. సెట్ పెట్టె మీద జాబితా అచ్చు వేయకుండా సీసాల మీదే వేసి, పెట్టెకి సీలు వేసి ఉంటే, అదే క్రీము విడిగా అమ్మే చోటికి వెళ్లి చదవండి.

స్నానాల తొట్టి నీటిలో వేస్తే నురగలతో కరిగే ముద్దలు, బాత్ బాంబుల గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, హాలోవీన్ సెట్లలో అసలు సరదా వీటిదే. 1989లో మో కాన్‌స్టంటైన్ వీటిని కనిపెట్టింది. ఆమె సహ వ్యవస్థాపకురాలిగా ఉన్న లష్ కంపెనీ ఇప్పటికీ ఏటా హాలోవీన్ రకాలు తెస్తుంది. లోపల ప్రధానంగా ఉండేది వంటసోడా, సిట్రిక్ యాసిడ్, మామూలుగా రెండుపాళ్లకి ఒకపాలు. నీరు తగిలితే బుస్సుమంటాయి, గాలిలో తేమ తగిలినా ఆ పని మెల్లగా మొదలైపోతుంది. కాబట్టి పైన మొటిమల్లా ఉబ్బిన బాంబు, పగుళ్లున్న బాంబు, చేత్తో ముట్టుకుంటే పొడి రాలే బాంబు కొనకండి. విడివిడిగా ప్లాస్టిక్‌లో బిగించి చుట్టినవి క్రిస్మస్ దాకా ఆగుతాయి. కాగితంలో చుట్టినవి కొన్న నెలలోపే వాడేయాలి, స్నానాల గదిలో దాచకూడదు.

నల్లవి, ఊదావి, రక్తపు ఎరుపువి తొట్టికి మరక వేస్తాయన్న ఫిర్యాదు ఎప్పుడూ వినిపిస్తుంది. కారణం ఒక్క రంగు కాదు. బాంబులోని నూనె నీటి మట్టం దగ్గర వలయంలా అంటుకుంటుంది, రంగు ఆ నూనెని పట్టుకుంటుంది. జాబితాలో పాలిసార్బేట్ 80 ఉంటే నూనె, రంగు నీటిలో విడిపోతాయి కాబట్టి మరక తక్కువ. లేకపోతే నీరు వదిలిన వెంటనే గిన్నెలు తోమే లిక్విడ్‌తో తొట్టి తుడవాలి, ఆరనిస్తే వంటసోడా ముద్దతో రుద్దాల్సొస్తుంది. తెల్ల తువ్వాలు ఆ రోజుకి పక్కన పెట్టండి.

చీకట్లో మెరిసే లోషన్లు, ఒంటికి పూసే మెరుపుల సెట్లు మాత్రం మేం సిఫారసు చెయ్యం. చీకట్లో వెలిగే రంగుల్లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ సౌందర్య సాధనాలకి ఒప్పుకున్నది ఒక్కటే, ల్యూమినెసెంట్ జింక్ సల్ఫైడ్. అది కూడా గోళ్ల రంగులో, లేదా హాలోవీన్ లాంటి అరుదైన సందర్భాల్లో ముఖానికి వేసుకునే మేకప్‌లో బరువులో 10 శాతం మించకుండా. కళ్ల చుట్టూ పనికిరాదు. ఒళ్లంతా పూసుకునే 'గ్లో' లోషన్ ఎదురైతే అందులో ఏముందో కచ్చితంగా చదవండి. మెరుపుకి మైకా వాడినవి నయం, ప్లాస్టిక్ మెరుపు సోఫాకీ దుప్పటికీ అంటుకుని క్రిస్మస్ దాకా వదలదు.

పిల్లల కోసం బబుల్ బాత్ ఉన్న సెట్ కొంటే, ఎక్కువసేపు వాడితే చర్మానికీ మూత్రనాళానికీ మంట రావచ్చన్న హెచ్చరిక దాని మీద ఉంటుంది. ఆ మాటని పట్టించుకుని నురగ నీళ్లలో పిల్లల్ని గంటలు కూర్చోబెట్టకండి.

ఎప్పుడు కొనాలి? ఫలానా వాసనే కావాలనుకుంటే సెప్టెంబర్ దాటనివ్వకండి. వాసన ఏదైనా పర్లేదంటే నవంబర్ 1 తర్వాత మిగిలిన సరుకు ధర పడిపోతుంది. బాత్ అండ్ బాడీ వర్క్స్ వాళ్ల సెమీ యాన్యువల్ సేల్ జూన్‌లోనూ క్రిస్మస్ తర్వాతా వస్తుంది, రెండో దాంట్లో హాలోవీన్ మిగులు కూడా దొరుకుతుంటుంది. 'మూడు కొంటే మూడు ఉచితం' తరహా ఆఫర్లు గిఫ్ట్ సెట్లకి వర్తించకపోవడం మామూలే. అలాంటప్పుడు అవే సీసాలు విడిగా ఆఫర్‌లో కొని, ఒక డాలర్ పెట్టెలో మీరే సర్దితే లాభం.

షాపులో అయితే పంపు మూత బిగిసి తాళం పడి ఉందా, మూత అంచున జిగట ఉందా చూడండి. ప్రయాణంలో పంపు తిరిగిపోయి కారడమే ఈ సెట్లలో తరచూ కనిపించే లోపం. ఆల్కహాల్ ఉన్న మిస్ట్‌ని అమెరికా తపాలాలో విమానంలో పంపనివ్వరు, నేల మార్గంలోనే వెళ్తుంది, విదేశాలకైతే అసలు తీసుకోరు. పండక్కి ముందు అందాలంటే పంపే రోజుని అందుకు తగ్గట్టు జరపాలి.

పాత సీజన్ సెట్లని రీసేల్ సైట్లలో రెట్టింపుకి అమ్ముతుంటారు. మామూలు సౌందర్య సాధనాల మీద గడువు తేదీ రాయాలన్న నియమం అమెరికాలో లేదు కాబట్టి సీసా అడుగున ఉన్న, ఎప్పటి తయారీయో పోల్చుకోడానికి పనికొచ్చే బ్యాచ్ కోడ్ ఫొటో అడగండి. సౌందర్య సాధనాల మీద 2022లో వచ్చిన అమెరికా చట్టం ప్రకారం, 2024 డిసెంబర్ 29 నుంచి లేబుల్ మీద ఏదైనా ఇబ్బంది వస్తే తెలియజేయడానికి అమెరికా చిరునామా, ఫోన్ నంబర్, వెబ్‌సైట్ లాంటి సంప్రదింపు వివరం ఉండాలి. ఇప్పటి సరుకంటూ అమ్మేదాని మీద అది కనబడకపోతే నకిలీ కావచ్చు, పాతదీ కావచ్చు. ఫొటో పంపడానికి అమ్మేవారు నసిగితే కొనకండి.