సంఘం స్టాల్లో పొడులు రుచి చూసి, పిండి మాత్రం తేదీ అడిగి

హైదరాబాద్ మాదాపూర్‌లో శిల్పారామం పక్కన, మహిళా సంఘాల సరుకు అమ్మే ఇందిరా మహిళా శక్తి బజార్ ఉంది. పండగల ముందు నగరంలో అక్కడక్కడా ప్రదర్శనలు వెలుస్తుంటాయి. పల్లె మహిళా సంఘాల సరుకు ఎక్కడ కనిపించినా కొనే పద్ధతి ఒక్కటే. చేతి పనితనంలో వంక పెట్టాల్సింది దాదాపు ఉండదు. తేడా వచ్చేదల్లా తడి దగ్గర, ప్యాకింగ్ దగ్గర. ఈ రివ్యూ అంతా ఆ రెండింటి చుట్టూనే.

ముందు ఒక సంగతి. సంఘం అంటే పది పదిహేను మంది ఆడవాళ్ళు. కొన్ని సంఘాలు కలిస్తే గ్రామ సమాఖ్య, ఆపైన మండల సమాఖ్య, జిల్లా సమాఖ్య. స్టాల్ మీద బోర్డు ఒకటే ఉన్నా బల్ల మీది సరుకు నాలుగైదు ఇళ్ళది అయివుండొచ్చు. పోయినసారి కొన్న పల్లీల పొడి అద్భుతంగా ఉందని ఈసారి చూడకుండా రెండు కిలోలు తీసుకుంటే ఆ చెయ్యి వేరు, ఈ చెయ్యి వేరు కావచ్చు. లేబుల్ మీద సంఘం పేరు, ఊరు చదివి ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. మళ్ళీ కొనేటప్పుడు పనికొచ్చేది అదే.

పొడులు: ఐదుకి నాలుగున్నర. కందిపొడిలో చూడాల్సింది పప్పు లోపలిదాకా వేగిందా లేదా అని. పెద్ద మంట మీద వేపితే పైన ఎర్రబడి లోపల పచ్చిగా మిగులుతుంది. అన్నంలో నెయ్యి వేసి కలపగానే ఆ పచ్చివాసన బయటపడుతుంది. రుచి చూపించమంటే చాలామంది చూపిస్తారు, మొహమాటపడకండి. పొడి గడ్డ కట్టి ఉంటే పాతదని అనుకోనక్కర్లేదు. వేపిన పప్పు చల్లారకముందే పట్టి, ఆ వేడి మీదే కవర్‌కి సీల్ వేస్తే లోపల ఆవిరి చేరి ఉండలు కడుతుంది. అలాంటి ప్యాకెట్ వద్దు, ముందుగా బూజు పట్టేది అదే. వెల్లుల్లి కారం విషయంలో ఇంకాస్త జాగ్రత్త: పచ్చి వెల్లుల్లి దంచి కలిపితే వాసన బాగుంటుంది గానీ తడి ఉంటుంది. తెచ్చిన రోజే ఫ్రిజ్‌లో పెట్టి త్వరగా అవగొట్టాలి. అవిసె గింజల పొడి, నువ్వుల పొడి నూనె గింజలవి కాబట్టి తొందరగా మక్కు వాసన వేస్తాయి. వంద గ్రాములకు మించి కొనకండి, ఎంత తగ్గించి ఇచ్చినా సరే.

విడి కారం కొంటే చిటికెడు గ్లాసుడు నీళ్ళ మీద చల్లండి. రంగు చారలు చారలుగా కిందికి దిగితే కృత్రిమ రంగు కలిసినట్టే. ఎర్రగా ఉంది కాబట్టి కల్తీ అని మాత్రం అనుకోవద్దు. వరంగల్ చపాటా మిరప రంగు ఎక్కువ, ఘాటు తక్కువ. 2025లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

పచ్చళ్ళు: మూడున్నర. రుచికి నాలుగున్నర ఇవ్వొచ్చు, సీసా మూత దగ్గర ఒకటి పోయింది. మామిడికాయ ముక్కలు కిలోకి ఉప్పు 150 నుంచి 200 గ్రాములు, ఆవపిండీ కారమూ దాదాపు అంతంత, నువ్వుల నూనె 300 నుంచి 400 మిల్లీలీటర్లు పడాలి. ఈమధ్య ఉప్పు, నూనె తక్కువ కావాలని కొనేవాళ్ళే అడుగుతున్నారు. వాళ్ళ మాట విని తగ్గిస్తే ఆవకాయ నిలవదు, ఆ తప్పు పచ్చడి పెట్టినవాళ్ళది కాదు. సీసా వెలుతురులో పెట్టి చూడండి: ముక్కల మీద నూనె వేలి మందం తేలాలి. ముక్క నూనె పైకి పొడుచుకొచ్చిందంటే బూజు అక్కడే మొదలవుతుంది. మూత ఉబ్బినా, పక్కన బుడగలు కనిపించినా పక్కన పెట్టేయండి, లోపల పులుస్తోంది. ప్లాస్టిక్ డబ్బా అయితే మూత కింద రేకు సీల్ ఉందో లేదో అడగండి. లేకపోతే బస్సులో ఇంటికి చేరేసరికి సంచంతా ఆవకాయ నూనె వాసనే. లేబుల్ మీద 211 అని ఉంటే సోడియం బెంజోయేట్ వేశారన్నమాట. పచ్చళ్ళలో పరిమితి మేరకు అనుమతించిందే, కంగారు అక్కర్లేదు. టమాటా, గోంగూర పచ్చళ్ళలో తడి ఎక్కువ. అవి చిన్న సీసాలే తీసుకోండి.

పిండ్లు: ఇక్కడ మార్కులు సరుకుకి కాదు, తేదీకి. జొన్నపిండి కొత్తదైతేనే రొట్టె సాగుతుంది. జొన్నలో గోధుమలో ఉండే జిగురు ఉండదు. మరిగే నీళ్ళు పోసినప్పుడు పిండి కొంత ఉడికి, ఆ లోటు తీర్చే జిగట పుడుతుంది. కప్పు పిండికి ముప్పావు కప్పు మరిగిన నీళ్ళతో మొదలుపెట్టి, చెయ్యి పట్టేంత వేడి ఉండగానే గట్టిగా మర్దించాలి. అంత చేసినా అంచులు పగులుతుంటే పిండి పాతదైనా అయివుండాలి, బరకగా పట్టిందైనా అయివుండాలి. సజ్జపిండి సంగతి ఇంకా తీవ్రం. సజ్జ గింజలో కొవ్వు ఎక్కువ. పట్టించగానే ఆ కొవ్వు విరగడం మొదలై కొద్ది రోజుల్లోనే చేదెక్కుతుంది. పట్టించే ముందు గింజల్ని మరిగే నీళ్ళలో అర నిమిషం ముంచి ఆరబెడితే ఆ చేదు బాగా ఆలస్యమవుతుంది. ఈ కిటుకు పాటించే సంఘాలు లేకపోలేదు. “గింజలు ఉడుకు నీళ్ళల్ల ముంచిన్రా అక్కా, పిండి ఎప్పుడు పట్టించిన్రు?” అని అడిగితే సరిగ్గా చెప్పేవాళ్ళ దగ్గరే కొనండి. జవాబు తడబడితే విడి సజ్జలు తీసుకుని మీ వీధి గిర్నీలో పట్టించుకోవడం మేలు.

రాగి మాల్ట్ ప్యాకెట్ తిప్పి కావలసినవి చదవండి. బరువులో ఎక్కువున్నది ముందు రాయాలన్నది నియమం. మొదటి పేరు చక్కెర అయితే మీరు కొంటున్నది రాగులు కాదు. సంఘాలు మంచిగా చేసేది మొలక రాగుల పిండి: పూట నానబెట్టి, గుడ్డలో కట్టి ఒక రోజు మొలకెత్తించి, ఎండబెట్టి, మొలకల తోకలు నలిచి తీసేసి, దోరగా వేపి పట్టాలి. ఎండబెట్టడంలో తొందరపడితే పులుపు వాసన వస్తుంది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం వంద గ్రాముల రాగుల్లో కాల్షియం 364 మిల్లీగ్రాములు. గ్లాసు జావకు పడేది రెండు చెంచాల పిండే కాబట్టి ప్యాకెట్ మీది గొప్పలు ఆ లెక్కన భాగించుకోండి.

సకినాలు సంక్రాంతి ముందు పదిరోజులు తిరుగులేనివి. ఆ తర్వాత వాసన చూసి కొనాలి. గుడ్డ మీద చుట్టినవి కాస్త ఆరకుండానే నూనెలో వేస్తే రెండో రోజుకే మెత్తబడతాయి. మళ్ళీమళ్ళీ కాచిన నూనె అయితే గొంతు పట్టేస్తుంది. పెళ్ళికో సారెకో పెద్ద ఆర్డర్ ఇస్తుంటే కనీసం పదిరోజుల ముందు చెప్పి, కొత్త నూనె అని ముందే మాట తీసుకుని, పావుకిలో నమూనా తెప్పించుకున్నాకే బయానా ఇవ్వండి.

చీరల దగ్గర ఆగితే ఇక్కత్‌ని తిరగేసి చూడండి. నేసినదైతే రెండు వైపులా రంగు ఒకేలా ఉంటుంది, అచ్చు వేసినదైతే వెనక వెలిసినట్టు కనిపిస్తుంది.

తినేది ఏదైనా లేబుల్ మీద ఆహార భద్రత (FSSAI) నంబరు 14 అంకెలు ఉండాలి. చిన్న తయారీదారుల రిజిస్ట్రేషన్ నంబరు 2తో మొదలవుతుంది, లైసెన్స్ అయితే 1తో. 2 చూసి తక్కువ చేయకండి. తయారీ తేదీ స్టిక్కర్ మీద పెన్నుతో రాసి ఉన్నా ఫరవాలేదు, అసలు లేకపోతేనే వదిలేయండి. వెళ్ళేటప్పుడు చిల్లర, గుడ్డసంచీ, పచ్చళ్ళు నిలబెట్టి తేవడానికి ఒక అట్టపెట్టె పట్టుకెళ్ళండి. వారాంతం సాయంత్రం గుంపులో అక్కల్ని ఇన్ని ప్రశ్నలు అడగడం కుదరదు, మామూలు రోజు మధ్యాహ్నం వెళ్ళండి.