ఆ పాత మద్యం శాంపిల్ సెట్ కొనకండి, ప్రకటనలో నేను రాసిన మాటలు చూసి అసలే కొనకండి

కోపంలోనే రాస్తున్నాను. చల్లారేదాకా ఆగితే ఈలోపు ఇంకో నలుగురు డబ్బు కట్టేస్తారు.

ఎవరి గురించో మీలో చాలామందికి ఈపాటికే అర్థమై ఉంటుంది. పాత సీసాలు తెరిచి, చిన్న సీసాల్లో పోసి, శాంపిల్ సెట్లుగా అమ్మే ఆయనే. ఈసారి సెట్‌లో మూడున్నాయి: షెర్రీ అనే స్పెయిన్ వైన్ పీపాలో 25 ఏళ్ళున్న స్కాట్లండ్ స్పేసైడ్ సింగిల్ మాల్ట్ విస్కీ (ఒకే డిస్టిలరీలో మొలకెత్తిన బార్లీతో చేసింది), గయానా నుంచి పోర్ట్ మౌరంట్ అనే స్టిల్‌లో, అంటే మద్యం బట్టీ పాత్రలో, తీసిన 23 ఏళ్ళ డెమెరారా రమ్, 1974 నాటి ఆర్మన్యాక్ అనే ఫ్రాన్స్ బ్రాందీ. డబ్బు కట్టాను, సరుకు వచ్చింది, ప్యాకింగ్‌కి వంక పెట్టడానికి లేదు. అక్కడిదాకా అంతా బాగానే ఉంది.

ముందు ఆర్మన్యాక్ సంగతి చెప్పాలి, ఎందుకంటే మూడింటిలో నిజమైనది అదొక్కటే. గ్లాసులో పోయగానే పొడి చెక్క వాసన, దాని వెనకే ఎండిన ప్రూన్ పండు, నారింజ తొక్క. కాసేపు కదపకుండా వదిలేస్తే వాల్‌నట్, తడి పుట్టగొడుగు, పాత తోలు ఒక్కొక్కటే పైకి వచ్చాయి. ఫ్రాన్స్‌లో దీన్ని రాన్సియో అంటారు. బ్రాందీలోని కొవ్వు ఆమ్లాలు ఓక్ పీపాలో ఏళ్ళ తరబడి గాలి తగులుతూ మెల్లగా మారితేనే వచ్చే వాసన అది. నోట్లో మొదట కొంచెం వగరు, తర్వాత ఎండు అంజీర, గొంతు దిగాక కూడా చాలాసేపు ఆ వాల్‌నట్ అలాగే నిలిచింది. తెల్లారి ఖాళీ గ్లాసు ముక్కుకి దగ్గరగా పెట్టుకుంటే ఇంకా దేవదారు చెక్క వాసన వస్తోంది. అది సరిగ్గా 1974దేనా అంటే నాలుక చెప్పలేదు. కానీ పీపాలో చాలాకాలం గడిపిన బ్రాందీ అని మాత్రం ఎవరి ముందైనా చెప్తాను.

ఆ రాత్రే ఆయన మెసేజ్ పెట్టాడు. "అన్నా, ఎలా ఉంది? నీలాంటివాళ్ళు నాలుగు ముక్కలు రాస్తే మాకు బలం." బాగున్నదాన్ని బాగుందని చెప్పడానికి నాకేం అభ్యంతరం? పైన రాసినదంతా ఇంకా వివరంగా రాసి పంపాను. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

ఇక విస్కీ. రంగు ముదురు మహాగని. "రంగు చూడన్నా, షెర్రీ అంటే అదీ" అని అమ్మేటప్పుడు పదేపదే అన్నాడు. రంగు వయసుకి రుజువు కాదు. సాదా కారామెల్ రంగు కలపడానికి స్కాచ్ నిబంధనలే ఒప్పుకుంటాయి, ఫ్రాన్స్‌దే ఇంకో బ్రాందీ కోన్యాక్‌లోనూ కలపొచ్చు. ముక్కు పెడితే వనీలా, కాల్చిన చక్కెర. దాని కింద పచ్చి పియర్ పండు, గోళ్ళరంగు చెరిపే ద్రవం లాంటి ఘాటు. ఆ రెండూ పీపాలో ఎక్కువకాలం లేని స్పిరిట్‌లో కనబడే వాసనలు. స్కాట్లండ్ గోదాముల్లో పీపా నుంచి ఏటా దాదాపు 2 శాతం ఆవిరైపోతుంది. 25 ఏళ్ళు అలా తరుగుతూ, చెక్కని పీలుస్తూ కూర్చున్న మాల్ట్‌లో ఆ పచ్చిదనం ఇంత మొరటుగా పైకి తేలదు. దాని బదులు పాత బీరువాకి పట్టించిన మైనం, పొగాకు ఆకు, ఎండుద్రాక్ష, వగరు రావాలి. పైగా అవి గ్లాసులో నిమిష నిమిషానికీ మారుతూ ఉండాలి. ఇది పోసినప్పుడు ఎలా ఉందో అరగంట తర్వాతా అలాగే ఉంది. మింగగానే మంట, ఆ వెంటనే ఏమీ లేదు. రుచి ఎక్కడా నిలవలేదు.

అప్పటికీ తొందరపడలేదు. పాత సీసా కదా, తెరిచాక గాలి తగిలి పోయిందేమో అనుకుని ఇంకోరోజు మళ్ళీ చూశాను. చిల్ ఫిల్టర్ చెయ్యలేదని (అంటే చల్లబరిచి వడకట్టలేదని), నీళ్ళు కలపకుండా పీపాలో ఉన్న బలంతోనే నింపారని ఆయన ప్రకటనలో ఉంది. అలాంటి విస్కీలో చల్లటి నీళ్ళు పోస్తే కొవ్వు ఎస్టర్లు విడిపోయి ద్రవం మసకబారుతుంది. నేను సగానికి సగం ఐసు నీళ్ళు పోశాను. అద్దంలా అలాగే ఉండిపోయింది.

రమ్ మరీ అన్యాయం. పోర్ట్ మౌరంట్ అంటే చెక్కతో చేసిన జంట పాట్ స్టిల్. ఇప్పుడది గయానాలో డైమండ్ డిస్టిలరీలో ఉంది. అందులోంచి వచ్చే రమ్‌కి ఒక ముద్ర ఉంటుంది: సోంపు, అతిమధురం, బరువైన చెక్క, కొంచెం తారు. ఒకసారి తాగినవాళ్ళు కళ్ళు మూసుకుని గుర్తుపట్టగలరు. నాకొచ్చిన సీసాలో సోంపు జాడ కూడా లేదు. వనీలా, తీపి, మళ్ళీ తీపి. పెదాలు అంటుకున్నాయి. కొన్ని చుక్కలు పళ్ళెంలో వేసి ఆరనిస్తే, ఆల్కహాలు పోయాక జిగురు పొర మిగిలింది. పీపా నుంచి వచ్చే సారం ఇంత జిగట కట్టదు, అది కలిపిన చక్కెర. ఐరోపా సమాఖ్యలో 2021 నుంచి అమలవుతున్న నిబంధన ప్రకారం రమ్ అని అమ్మేదానిలో తీపి లీటరుకి 20 గ్రాములు దాటకూడదు. ఇది దానికి లోపల ఉందంటే నేను నమ్మను.

తీపి గురించి మర్యాదగానే అడిగాను. "సొలేరా కదన్నా, తీపి ఉంటుంది" అన్నాడు. సొలేరా అంటే పీపాల వరసలు. అడుగు వరసలోంచి కొంత తీసి, పై వరసల్లోని తక్కువ వయసు సరుకుతో నింపుతూ పోతారు. అందులో చక్కెర ప్రసక్తే లేదు. పైగా సొలేరా అయితే ఆ 23 అనే అంకె మొత్తం సరుకు వయసే కాదు, లోపల చిన్న వయసు రమ్ కలిసే ఉంటుంది. 23 ఏళ్ళదని అమ్మిన నోటితోనే సొలేరా అంటే, ఆ రెంటిలో ఒకటి అబద్ధం. ఇదే మాట రాసి, అసలు సీసాల ఫోటోలు పంపమన్నాను. లేబుల్, మూత, సీసాలో ఎంత మిగిలిందో కనబడేలా. జవాబు లేదు.

రెండో బ్యాచ్ ప్రకటన కనబడింది ఆ తర్వాతే. అది చదివినప్పటి నుంచి నాకు స్థిమితం లేదు. విస్కీ ఫోటో కింద నా వాక్యాలున్నాయి. "తడి పుట్టగొడుగు, పాత తోలు ఒక్కొక్కటే పైకి వచ్చాయి." "తెల్లారి ఖాళీ గ్లాసులో ఇంకా దేవదారు చెక్క వాసన." ఆర్మన్యాక్ గురించి నేను మనసుపెట్టి రాసిన ముక్కలవి! వాటిని కోసి ఆ పచ్చి విస్కీకి అతికించాడు. పైన "అనుభవమున్న కస్టమర్ మాట" అని శీర్షిక. కింద ఎవరో "ఇంత వివరంగా రాశారంటే నిజమే అయ్యుంటుంది, నాకో సెట్ పక్కన పెట్టండి" అని అడుగుతున్నారు.

నేను వాసనల గురించి రాసేది మనసుకి తోచింది తోచినట్టు, ఒకరు నమ్మి చదువుతారనే. ఆ నమ్మకాన్నే తీసుకెళ్ళి ఇంకొకరి జేబు కొట్టడానికి వాడాడు. డబ్బు పోయినందుకు కాదు, దీనికి రగిలిపోతున్నాను.

తీసెయ్యమని రాశాను. అప్పుడొచ్చింది జవాబు, ఉన్నదున్నట్టు ఇస్తున్నాను: "పాత సరుకు అందరి నాలుకకీ అర్థం కాదు. నీకు నచ్చకపోతే పారబోసుకో. రాసి పంపింది నువ్వే, ఇక అది నాది." నేను ఇంకోమాట రాసేలోపు బ్లాక్ చేశాడు. అమ్మేదాకా అన్నా, అడిగితే నా నాలుక పనికిరాదు.

పొరపాటున వచ్చిన సరుకు అని సర్దుకుపోవడానికీ వీల్లేదు. నిజంగా వయసున్న బ్రాందీ ఏదో ఆయనకి తెలుసు, అందుకే దాన్ని సెట్‌లో పెట్టాడు. దాని గురించి వచ్చిన మెప్పు దేనికింద అతికించాలో కూడా తెలుసు. తెలియనివాడు చేసే పని కాదిది.

ఇంకోటి గుర్తుచేస్తాను. 2017లో స్విట్జర్లండ్‌లోని సెయింట్ మోరిట్జ్‌లో ఒక హోటల్ 1878 నాటి మాకల్లన్ (స్కాచ్ సింగిల్ మాల్ట్ విస్కీ) అని రాసున్న సీసాలోంచి ఒక్క పెగ్గు 9,999 స్విస్ ఫ్రాంకులకి అమ్మింది. తాగింది ఒక చైనా రచయిత. అనుమానాలు రావడంతో హోటల్ తానే ముందుకొచ్చి పరీక్ష చేయించింది. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో కార్బన్ పరీక్ష చేస్తే అది 1970-72 మధ్యదని దాదాపు తేలింది. స్కాట్లండ్ ల్యాబ్‌లో చూస్తే సింగిల్ మాల్ట్ కూడా కాదు, బ్లెండ్, అంటే వేర్వేరు విస్కీలు కలిపినది. హోటల్ మేనేజర్ ఆ రచయితని కలవడానికి చైనా దాకా వెళ్ళి డబ్బు మొత్తం తిరిగిచ్చాడు. తానూ మోసపోయిన మనిషి చేసిన పని అది. ఈయన్ని నేను అడిగింది మూడు ఫోటోలే, అవీ రాలేదు.

ఇలాంటివి అరుదు అనుకోకండి. 2018లో స్కాట్లండ్‌లోని సుయెర్క్ పరిశోధన కేంద్రంలో 55 అరుదైన విస్కీ సీసాలు పరీక్షిస్తే 21 నకిలీవని తేలింది. అవి సీలున్న సీసాలు. సీలు తీసి చిన్న సీసాల్లో పోసిన సరుకుకి లేబుల్ లేదు, మూత లేదు, కొనేవాడికి అమ్మేవాడి మాట ఒక్కటే ఆధారం.

కొనేవాళ్ళకి చెప్పదలుచుకున్నది కొంచెమే. డబ్బు కట్టకముందే అసలు సీసా ఫోటో అడగండి, ఆ రోజు తేదీ రాసిన కాగితం పక్కన పెట్టి తీసింది. ఆర్మన్యాక్ అయితే సంవత్సరంతో పాటు సీసాలో నింపిన తేదీ కూడా అడగండి, పీపా దాటాక దానికి వయసు పెరగదు. కోన్యాక్‌లో ఎక్స్‌వో (లేబుల్ మీద రాసే వయసు గ్రేడు) అన్నారంటే ఎప్పటి సీసానో కనుక్కోండి, 2018 ఏప్రిల్‌కి ముందు ఆ పేరుకి 6 ఏళ్ళు చాలేవి, ఇప్పుడు 10 కావాలి. రమ్ మీద అంకె ఉంటే అది ఏళ్ళా, సొలేరా పేరా అని సూటిగా అడిగి జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. రుచి చూశాక అనుమానం వస్తే మొత్తం తాగెయ్యకుండా కొంత ఉంచండి.

ఆ ప్రకటనలో పుట్టగొడుగు, పాత తోలు, దేవదారు అనే మాటలు ఎక్కడ కనబడ్డా అవి ఆర్మన్యాక్ గురించి నేను రాసినవి. విస్కీకీ రమ్‌కీ వాటితో ఏ సంబంధమూ లేదు. పాత బ్యాచ్ విస్కీ గానీ రమ్ గానీ మీ దగ్గర తెరవకుండా ఉంటే అలాగే ఉంచి నాకు మెసేజ్ పెట్టండి. నా దగ్గర రెండిట్లోనూ కొంచెం మిగిలింది. నలుగురివీ కలిపితే ల్యాబ్‌కి ఇవ్వడానికి సరిపోతుంది, ఖర్చులో నా వంతు నేను పెట్టుకుంటాను.