మడిలో దిగే కాలికి ఫైబర్ క్యాలిపర్: నా కోపమంతా అంచు మీదే

పోలియో కాలికి ఆసరాగా కట్టుకునే ఇనుప క్యాలిపర్ మోసినవాళ్లకు ఫైబర్‌ది, అంటే గాజుపోగులను రెసిన్ అనే జిగురుతో అతికించి చేసేది, ఎంత తేలికో నేను చెప్పక్కర్లేదు. నేను చెప్పాల్సింది నీళ్ల సంగతి.

మాది మైదుకూరు పక్క పల్లె, కేసీ కాలువ కింద వరి. నాట్లప్పుడు, మడవ తిప్పేటప్పుడు గంటలకొద్దీ నీళ్లలోనే ఉంటాను. తీసుకునేటప్పుడు "గాజు నీళ్లు పీల్చదన్నా, టెన్షన్ వద్దు" అన్నారు. గాజుపోగులు పీల్చవు, నిజమే. వాటిని పట్టి ఉంచే రెసిన్ పీలుస్తుంది, కొద్దికొద్దిగా. పైపొర బాగున్నంతకాలం నాకూ ఏ ఇబ్బందీ రాలేదు.

చీలమండ దగ్గర ఒరుసుకుంటోందంటే సెంటర్‌లో అక్కడ అరగదీసి ఇచ్చేశారు, మళ్లీ రెసిన్ పూయలేదు. పోగుల కొనలు అలా బయటపడితే పోగుకూ రెసిన్‌కూ మధ్య సందుల వెంట నీళ్లు లోపలికి పాకుతాయి, వత్తి నూనె లాగినట్టు. వానాకాలం దాటేసరికి అంచున తెల్లమచ్చ. ఎండబెట్టినా పోలేదు, ఎందుకంటే ఆరబెడితే రెసిన్‌లోని నీళ్లు పోతాయి గానీ పోగుకూ రెసిన్‌కూ విడిపోయిన పట్టు మళ్లీ రాదు. తర్వాత అడుగేస్తే కిర్రుమనడం, పాదం వేలాడి వేళ్లు నేలకు తగలడం. చివరికి గట్టెక్కుతుంటే సరిగ్గా ఆ మచ్చ దగ్గరే పొరలు విడిచి చీలింది. నాట్ల మధ్యలో కాలు లేనట్టే అయింది నాకు, ఆ కోపం ఇంకా పోలేదు.

నీళ్లు ఎంత పీలుస్తుందో చెప్పే శాతాన్ని మామూలుగా 23 డిగ్రీల నీళ్లలో 24 గంటలు నానబెట్టి, తూచి తేలుస్తారు. మా మడిలో మధ్యాహ్నం నీళ్లు అంతకన్నా వేడి, వేడికి ఇంకడం ఇంకా జోరు, పైగా ఏళ్ల తరబడి నానుతుంది.

కొత్తది కర్నూలులో చేయించుకున్నాను. అంచులకే కాదు, బెల్టు రివెట్ల రంధ్రాల లోపల కూడా రెసిన్ పూయించాను, అవీ కోసిన చోట్లే కదా. ఇది ఇంకా ఎక్కువ నీళ్లు చూడలేదు, కాబట్టి దీన్ని ఇప్పుడే మెచ్చుకోను.

ఆఫీసు పని చేసేవాళ్లకు ఇదంతా పెద్ద విషయం కాకపోవచ్చు. పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్‌తో చేసిన క్యాలిపర్ నీళ్లు దాదాపుగా పీల్చదు, కానీ నా బరువుకు అది వంగిపోతోందని మళ్లీ ఫైబర్‌కే వచ్చాను. బరువు తక్కువున్నవాళ్లు అది వేసి నడిచి చూడండి. ఫైబరే తీసుకుంటే మాత్రం అంచు వేలితో తడమండి, పీచు గుచ్చుకుంటే అక్కడే కూర్చుని రెసిన్ పూయించుకుని కదలండి.