రెంటర్స్ ఇన్సూరెన్స్: ఇర్వింగ్ నుంచి షార్లెట్ దాకా వాడి చూశాక

అమెరికాలో అద్దెకుండే మనవాళ్లలో చాలామందికి రెంటర్స్ ఇన్సూరెన్స్ ఉంటుంది. అందులో ఏముందో చదివినవాళ్లు మాత్రం నాకు పెద్దగా తగల్లేదు. లీజు సంతకాలప్పుడు ఆఫీసులో అమ్మాయి "ప్రూఫ్ అప్‌లోడ్ చేయండి, తాళాలిస్తాం" అంటుంది. అక్కడికక్కడే ఫోన్లో అన్నిటికన్నా చవకది ఒకటి తీసుకుని, పీడీఎఫ్ పంపేసి మర్చిపోతారు.

నేను చదువుకునే రోజుల నుంచీ ఇది కడుతూనే ఉన్నాను. మొదట రూమ్మేట్స్‌తో ఉన్నప్పుడు, పెళ్లయ్యాక టెక్సాస్‌లోని ఇర్వింగ్‌లో, ఇప్పుడు నార్త్ కరోలినాలోని షార్లెట్‌లో. ఈ మధ్యలో ఒక పెద్ద క్లెయిమ్, రాష్ట్రం దాటిన ఒక మూవింగ్ చూశాం. కంపెనీ పేరు చెప్పను. ఏ కంపెనీదైనా పాలసీ ఇంచుమించు ఒకే అచ్చులో ఉంటుంది, అంకెలే వేరు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: ఒకచోట కుదురుగా ఉన్నంతకాలం ఇది పెట్టిన డబ్బుకు మించిన సరుకు. ఇల్లు మారే నెలలో మాత్రం కంపెనీ దానంతట అది ఏదీ చేయదు, మనమే వెంటపడి చేయించుకోవాలి.

ఇర్వింగ్‌లో మాకు నెలకు 16 డాలర్లు పడేది. సామానుకు 30,000 డాలర్లు, లయబిలిటీకి, అంటే మన వల్ల ఇతరులకు జరిగే నష్టానికి, 1,00,000, డిడక్టిబుల్, అంటే క్లెయిమ్‌లో ముందు మనం భరించేది, 500. కారు ఇన్సూరెన్స్ కూడా అక్కడే ఉండటంతో కారు ప్రీమియంలో కొంత తగ్గించారు. ఆ తగ్గింపు లెక్కేస్తే ఇది దాదాపు ఊరికే వచ్చినట్టే. నిప్పు, పొగ, దొంగతనం, వడగళ్లు, పైపు పగిలి కారిన నీళ్లు, ఇలా పాలసీలో పేరుపెట్టి రాసిన కారణాల వల్ల సామాను పాడైతే డబ్బిస్తారు. ఇల్లు ఉండటానికి వీల్లేకుండా పోతే హోటల్ ఖర్చు భరిస్తారు. గోడలు, కార్పెట్, ఫ్రిజ్ ఓనరువి, వాటి సంగతి ఓనరు ఇన్సూరెన్స్ చూసుకుంటుంది. మన సోఫా తడిస్తే ఓనరుకి సంబంధం లేదు.

అందరూ టీవీ, లాప్‌టాప్ లెక్కలేసుకుంటారు గానీ నా దృష్టిలో అసలు విలువ లయబిలిటీదే. పండగ పూట గారెలు వేయిస్తుంటే మూకుట్లో నూనె అంటుకుందనుకోండి. మంట పెరిగితే స్ప్రింక్లర్ విచ్చుకుంటుంది, కింది ఇళ్లన్నీ తడుస్తాయి. ఆ బిల్లు జీతంలోంచి కట్టేది కాదు.

మా క్లెయిమ్‌కి కారణం మాత్రం పై ఇంటివాళ్లు. వాళ్లు ఊళ్లో లేనప్పుడు వాషింగ్ మెషిన్ గొట్టం ఊడిపోయింది. మేం ఆఫీసుల నుంచి వచ్చేసరికి బెడ్‌రూమ్ క్లోజెట్ పైన సీలింగ్ ఉబ్బి వేలాడుతోంది. మెయింటెనెన్స్ అతను కింద చెత్తడబ్బా పెట్టి, స్క్రూడ్రైవర్‌తో చిన్న కన్నం పొడిచాడు. డబ్బా నిండి పొర్లింది. పై అరలో సూట్‌కేసు, అందులో నా పెళ్లి పట్టుచీరలు. గద్వాల చీర అంచు రంగు దిగి ఒళ్లంతా పాకింది. కంచి చీరకి మడత మడతకీ మరక.

నష్టం లెక్కగట్టడానికి కంపెనీ పంపిన అడ్జస్టర్ మర్యాదస్తుడే. మేట్రెస్, లాప్‌టాప్, బూట్లు అన్నీ చకచకా తేల్చేశాడు. చీరల దగ్గరికొచ్చేసరికి "ఫ్యాబ్రిక్, 6 గజాలు" అని రాసి ఒక్కోదానికీ 40 డాలర్లు వేశాడు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. హైదరాబాద్‌లో అమ్మకి ఫోన్ చేశాను. అమ్మ బీరువాలోంచి పెళ్లి షాపింగ్ బిల్లులు తీసి వాట్సాప్‌లో ఫొటోలు పంపింది. ఆ బిల్లులు, చీర కట్టుకున్న పెళ్లి ఫొటోలు, అలాంటివే అమ్మే వెబ్‌సైట్ల లింకులు, రూపాయలు డాలర్లలోకి మార్చిన లెక్క, అన్నీ ఒకే ఈమెయిల్లో పెట్టాను. మారుమాట లేకుండా ఒప్పుకున్నాడు. అతనికి చీర గురించి తెలియకపోవడం తప్పేమీ కాదు, కాగితం అడిగాడు, ఇచ్చాం. ఇండియాలో కొన్న ఖరీదైన వాటి బిల్లులు మీవాళ్ల బీరువాల్లో ఉంటే ఫొటోలు తెప్పించి పెట్టుకోండి.

మాది రీప్లేస్‌మెంట్ కాస్ట్ పాలసీ. ముందు పాతబడిన విలువ కట్టి ఒక చెక్కు పంపారు, కొత్తవి కొని రసీదులు పెట్టాక మిగతాది ఇచ్చారు. యాక్చువల్ క్యాష్ వాల్యూ పాలసీ అయితే ఆ మొదటి చెక్కుతోనే సరి. నాలుగేళ్లు వాడిన సోఫాకి నాలుగేళ్లు వాడిన సోఫా ధరే వస్తుంది. రెండిటికీ ప్రీమియంలో తేడా నెలకు కొద్ది డాలర్లే, అక్కడ కక్కుర్తి పడొద్దు.

ఇల్లు బాగయ్యేదాకా మేం ఉన్న హోటల్ బిల్లు పూర్తిగా ఇచ్చారు. అప్పుడు మా అత్తయ్యగారు మా దగ్గరే ఉన్నారు. ఆవిడ ఉల్లి, వెల్లుల్లి తినరు. వంట చేసుకునే వీలున్న హోటలే కావాలంటే దానికీ అభ్యంతరం చెప్పలేదు. తిండి ఖర్చు దగ్గర మాత్రం మామూలుగా నెలకు కిరాణాకి ఎంతవుతుందో అడిగి, అంతకు మించినదే ఇచ్చారు. న్యాయమే అనిపించింది.

ఇక మూవింగ్ సంగతి. మా ఆయనకి షార్లెట్‌లో ఉద్యోగం వచ్చింది. యాప్‌లో అడ్రస్ మార్చుకునే బటన్ ఉంది గానీ, అది టెక్సాస్ జిప్ కోడ్ తప్ప తీసుకోదు. అమెరికాలో ఇన్సూరెన్స్ ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం నిబంధనల ప్రకారం నడుస్తుంది. ఇర్వింగ్ నుంచి టెక్సాస్‌లోనే ఉన్న ఫ్రిస్కోకి మారితే అడ్రస్ మార్చి, రేటు సరిచేస్తారు. రాష్ట్రం దాటితే పాతది మూసేసి, కొత్త నంబరుతో కొత్త పాలసీ రాయాలి. కారుదీ అంతే.

ఫోన్ చేస్తే ఏజెంట్ మొదట అన్న మాట: "పాతది ఇవాళే క్యాన్సిల్ చేస్తాను, కొత్తది మీరు దిగిన రోజు నుంచి మొదలవుతుంది." మరి మధ్యలో సామాను ట్రక్కులో ఉన్నన్నాళ్లూ ఏ పాలసీ కింద ఉన్నట్టు? ఆ ప్రశ్న వేశాక కాసేపు సంగీతం వినిపించి, మళ్లీ లైన్లోకొచ్చి "అయితే రెండూ కొన్నాళ్లు నడిపిద్దాం" అంది. నిజానికి మామూలు పాలసీల్లో దీనికి ఒక వెసులుబాటు రాసే ఉంటుంది. కొత్త ఇంటికి సామాను తరలించడం మొదలుపెట్టిన రోజు నుంచి 30 రోజుల దాకా, అటు పాత ఇంట్లో ఉన్నదీ ఇటు కొత్త ఇంటికి చేరినదీ కవర్ అవుతుంది. మీ పాలసీలో ఆ వాక్యం ఎక్కడుందో ఏజెంట్‌నే చూపించమనండి. పాతది తొందరపడి మూసేస్తే ఆ వాక్యం కూడా దాంతోపాటే పోతుంది.

మేం చేసింది ఇది. కొత్త పాలసీని మేం చేరే తేదీ నుంచి కాకుండా లీజు మొదలయ్యే తేదీ నుంచి పెట్టించాం. పాతదాన్ని ఇర్వింగ్ లీజు చివరి రోజు దాకా ఉంచాం, తాళాలు అప్పజెప్పేదాకా ఆ ఇంట్లో ఏం జరిగినా మన మెడకే కదా. రెండూ కలిసి నడిచిన రోజులకి అయిన అదనపు ఖర్చు ఒక పూట భోజనం పాటి కూడా లేదు. సామాను స్టోరేజ్ యూనిట్‌లో పెట్టేవాళ్లు ఇంకోటి చూసుకోవాలి. చాలా పాలసీలు అక్కడున్నదానికి మొత్తం కవరేజీలో 10 శాతం లేదా 1,000 డాలర్లు, ఏది ఎక్కువైతే అంతవరకే ఇస్తాయి. 30,000 పాలసీకి 3,000 అన్నమాట.

క్యాన్సిల్ చేశాక ఆటోపే ఆగలేదు. మూసేసిన పాలసీకి డబ్బు కట్ అవుతూనే ఉంది. యాప్‌లో చాట్ చేస్తే బాట్ "మీ పాలసీ యాక్టివ్‌గా లేదు" అని చెప్పి దండం పెట్టేసింది. ఫోన్లో పట్టుకుని, క్యాన్సిలేషన్ లెటర్ ఈమెయిల్‌కి పంపించమని అడిగి, అది చూపించాకే డబ్బు వెనక్కొచ్చింది. క్యాన్సిల్ చేసిన రోజే ఆ లెటర్ అడిగి తీసుకోండి.

ఇంకో తలనొప్పి కొత్త అపార్ట్‌మెంట్ వైపు నుంచి. ప్రూఫ్‌లు సరిచూడటానికి వాళ్లు వేరే సంస్థను పెట్టుకున్నారు, అంటే మన పీడీఎఫ్ ఒక పోర్టల్‌లోకి వెళ్తుంది. ప్రాపర్టీ పేరు, వాళ్లిచ్చిన పోస్ట్ బాక్స్ అడ్రస్ ఇంటరెస్టెడ్ పార్టీ గడిలో అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. మా పాలసీలో ఇంటి నంబరు ముందు "అపార్ట్‌మెంట్" అని ఉంది, లీజులో "యూనిట్" అని ఉంది. అంతే, రిజెక్ట్. అది సరిచేయించేలోపు అద్దె బిల్లులో 14 డాలర్ల లైను ఒకటి వచ్చి కూర్చుంది. పేరు చూస్తే మనకేదో ఇన్సూరెన్స్ ఇచ్చినట్టే ఉంటుంది. అది మన వల్ల ఓనరు ఆస్తికి జరిగే నష్టానికి మాత్రమే, మన సామానుకి పైసా రాదు. మా స్నేహితులొకళ్లు అదే తమ రెంటర్స్ ఇన్సూరెన్స్ అనుకుని చాన్నాళ్లు కట్టారు. అద్దె బిల్లులో ప్రతి లైనూ ఒకసారి చదవండి. లీజింగ్ ఆఫీసు తమను అడిషనల్ ఇన్సూర్డ్‌గా చేర్చమంటే మాత్రం ఏజెంట్‌ని అడగకుండా సరేననొద్దు. ఇంటరెస్టెడ్ పార్టీ అంటే పాలసీ ఆగిపోతే వాళ్లకి కబురు వెళ్తుంది, అంతే. రెండోదైతే మన పాలసీ రక్షణలో వాళ్లకీ వాటా ఇచ్చినట్టు.

దారిలో పగిలిన వాటికి రెంటర్స్ ఇన్సూరెన్స్ రాదు. ట్రక్కులోంచి దొంగతనం జరిగితే సాధారణంగా వస్తుంది. మూవర్ చేతుల్లోంచి జారి టీవీ పగిలితే అది మూవర్స్‌తో తేల్చుకోవాల్సిందే. రాష్ట్రాలు దాటే మూవర్స్ రెండు రకాల రక్షణ చూపిస్తారు. విడిగా డబ్బు కట్టక్కర్లేనిది తీసుకుంటే పరిహారం వస్తువు బరువును బట్టి, పౌండుకు 60 సెంట్లు. 4 పౌండ్ల లాప్‌టాప్‌కి 2 డాలర్ల 40 సెంట్లు, 25 పౌండ్ల వెట్ గ్రైండర్‌కి 15 డాలర్లు. ఈ లెక్కన ఇంట్లో గౌరవమంతా గ్రైండర్‌దే. మేం రెండోది, ఫుల్ వాల్యూ తీసుకున్నాం, అంటే పాడైనదాన్ని బాగు చేయించాలి, లేదా దాని విలువ ఇవ్వాలి. డైనింగ్ టేబుల్ కాలు ఒకటి విరిగింది, బాగు చేయించారు. రాష్ట్రాలు దాటిన మూవింగ్‌లో క్లెయిమ్ పెట్టడానికి 9 నెలల గడువుంది, కాబట్టి దిగిన వారంలోనే అన్ని పెట్టెలూ విప్పాలన్న టెన్షన్ అక్కర్లేదు. పౌండుకు 100 డాలర్లకు మించి విలువున్న వాటిని ముందే కాగితం మీద రాసివ్వాలి.

సర్దేటప్పుడే ప్రతి వస్తువునీ ఫోన్లో వీడియో తీశాం, సీరియల్ నంబర్లు కనబడేలా. ఇంట్లో ఉన్నవన్నీ చేతిలోకి వచ్చేది అప్పుడొక్కసారే. ఆ వీడియో చూసుకుంటూ లెక్కేస్తే 30,000 చాలదని తేలింది, షార్లెట్ పాలసీలో 45,000 పెట్టించాం.

బంగారం దగ్గర మనవాళ్లు గట్టిగా దెబ్బతింటారు. మామూలు పాలసీల్లో దొంగతనానికి నగలకి ఇచ్చేది ఎక్కువగా 1,500 డాలర్లు, మొత్తం నగలన్నిటికీ కలిపి. ఒక్క హారానికి కూడా సరిపోదు. అంతకు మించి కావాలంటే నగలను విడిగా రాయించాలి. దానికి బిల్లో, అప్రైజలో (నగకి విలువ కట్టిన పత్రం) అడుగుతారు, ఏడాదికి నగ విలువలో ఒకటి రెండు శాతం దాకా పడుతుంది. అలా రాయించిన నగ ఎక్కడో జారిపోయినా సాధారణంగా డబ్బిస్తారు. నేను రోజూ వేసుకునేవి రాయించాను, మిగతావి బ్యాంకు లాకర్లో పెట్టాను. లాకర్‌లో ఉన్నదానికి బ్యాంకులకి హామీ ఇచ్చే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఐసీ గ్యారంటీ ఉండదు, అది డిపాజిట్లకే. మూవింగ్ రోజు నగలు నా హ్యాండ్‌బ్యాగ్‌లోనే ప్రయాణం చేశాయి.

షార్లెట్‌లో మాది గ్రౌండ్ ఫ్లోర్. పై ఇంటి నుంచి కారే నీళ్లు కవర్ అవుతాయి, నేల మీద నుంచి వచ్చే వరద కాదు. 2024 సెప్టెంబరులో హెలీన్ తుపాను మా రాష్ట్రంలోనే ఉన్న ఆష్‌విల్ వైపు ముంచెత్తినప్పుడు మా పాలసీ మళ్లీ తీసి చదివాం. వరదకి విడిగా, కేంద్ర ప్రభుత్వ ఫ్లడ్ ప్రోగ్రాంలో అద్దెకున్నవాళ్లు కూడా సామానుకి 1,00,000 డాలర్ల దాకా తీసుకోవచ్చు. మామూలుగా 30 రోజులాగితే గానీ అది అమల్లోకి రాదు, కాబట్టి తుపాను వార్త విన్నాక కొంటే లాభం లేదు.

రూమ్మేట్స్‌తో ఉండే పిల్లలకి ఒక్క మాట. లీజులో నలుగురి పేర్లున్నా, పాలసీలో ఎవరి పేరుంటే వాళ్లకే. మిగతా ముగ్గురూ విడిగా తీసుకోవాలి. ఒకరిదే అందరికీ సరిపోతుందని సీనియర్లు చెప్తే నమ్మకండి.

ఇప్పుడు మాకు నెలకు 19 డాలర్లు. పాలసీకి నాలుగున్నర స్టార్లు, మూవింగ్ అప్పటి సర్వీసుకి రెండు. ఆ ఆటోపే చిరాకులో కంపెనీ మార్చేద్దామని వేరేచోట కోట్ అడిగాం. పై ఇంటి నీళ్ల క్లెయిమ్ సంగతి వాళ్లకి ముందే తెలుసు. క్లూ అనే రిపోర్టులో మన క్లెయిమ్‌లు ఏడేళ్ల దాకా ఉంటాయి, ఏ రాష్ట్రానికి వెళ్లినా వెంటే వస్తాయి. ఏడాదికోసారి ఆ రిపోర్టుని మనం కూడా ఉచితంగా తెప్పించుకోవచ్చు. మాదాంట్లో తప్పుల్లేవు, కానీ కొత్త కంపెనీ రేటు పాతదానికన్నా ఎక్కువే చెప్పింది. కారు తగ్గింపు కూడా పోతుందని పాతదాంట్లోనే ఉండిపోయాం.